జతలమ్మ, రెండు నల్లబిళ్లలు

ఆవిడను వీధి వీధంతా జతలమ్మ అనే పిలిచేది. కొత్తవాళ్లు పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషనుకొని పొరబడేవారు. ఒకాయనైతే కొడుకు ఫొటో పట్టుకొని మరీ వచ్చాడు. "నేను కలిపేది ట్రాన్సిస్టర్లనండీ. అవి ఒకసారి కుదిరాయంటే ఇక నోరెత్తవు. మనుషుల పూచీ నావల్ల కాదు" అని మంచినీళ్లిచ్చి పంపింది.

పదిహేడేళ్లు ఆవిడ స్టీరియో రిసీవర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉండే ఆ బరువైన రిసీవర్లలో స్పీకర్లను నడిపే ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. పాట బరువు చెరి సగం మోస్తాయి. ఇద్దరిలో ఒకరిది ఎక్కువ బలమైతే పాట గీరుకుపోతుంది. అందుకని కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి, మీటరుకు తగిలించి, ఈడూ జోడూ చూసి, రెండేసి చొప్పున కాగితం పొట్లాల్లో కట్టడం ఆవిడ పని.

ఒక సోమవారం పొద్దున సూపర్‌వైజరు అగ్గిపెట్టెంత నల్లబిళ్ల తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది చిప్పు. ఆంప్లిఫయరంతా అందులోనే ఉందట, మరలు బిగిస్తే చాలట. భోజనాల వేళకల్లా జతలు కలిపే గదికి తాళం పడింది.

ఆ తర్వాత ఆవిడ మరిదితో కలిసి పాత రిసీవర్లు బాగుచేసే దుకాణం పెట్టింది. పొద్దస్తమానం ఇద్దరికీ ఒకటే పేచీ.

"విడి ట్రాన్సిస్టర్లతో కట్టినదైతే ఏది పోయిందో దాన్నే పట్టుకొని మార్చొచ్చు. నీ చిప్పులో ఓ మూల కాలితే మొత్తం చెత్తబుట్టపాలే" అనేది ఆవిడ.

"కాలినప్పటి మాట కదా వదినా అది. చిప్పులోవన్నీ ఒకే కప్పు కింద కాపురం చేసేవి. కలిసే వేడెక్కుతాయి, కలిసే చల్లబడతాయి. నీ విడివాటిలో ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమంటుంది."

"గొంతు వింటే తెలిసిపోతుందయ్యా. చిప్పు పాట డబ్బాలో కూర్చొని పాడినట్టుంటుంది."

ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

ఒకరోజు పియానోలు శ్రుతిచేసే పెద్దాయన వచ్చాడు. చూపు బొత్తిగా మందగించింది. కూతురు ఒక చేత్తో ఆయన్ని పట్టుకొని, రెండో వైపు చంకలో రిసీవరును మోసుకొచ్చింది.

"దీనికి కుడివైపు నోరు పడిపోయిందమ్మా. ఎలాగైనా బాగుచెయ్యండి. గొంతు మాత్రం మారకూడదు. పద్దెనిమిదేళ్లుగా వింటున్న గొంతు" అన్నాడు.

జతలమ్మ దాన్ని స్పీకర్లకు తగిలించి, ఎడమవైపు వస్తున్న పాటను కళ్లు మూసుకొని విన్నది. ముఖం విప్పారింది. "విన్నావా ఆ నిండుదనం? కళ్లకు గంతలు కట్టినా చెబుతాను, లోపల విడి ట్రాన్సిస్టర్లే" అంది మరిదితో.

మరిది మూత విప్పాడు. లోపల రెండు నల్లబిళ్లలు, ఎడమకొకటి, కుడికొకటి. అతను మూత పక్కన పెట్టి మీటరు అందుకున్నాడు. దెప్పి ఉంటే ఆవిడకు అంత చురుక్కుమనేది కాదు.

కుడి చిప్పు చచ్చిపోయింది. అలాంటివి తయారవడం ఎప్పుడో ఆగింది. బజారంతా గాలిస్తే దొరికినవి రెండూ నకిలీవి. ఒకటి కరెంటు ఇవ్వగానే పొగ కక్కింది, రెండోదానికి ఉలుకూ లేదు పలుకూ లేదు.

"కుదరదని చెప్పేద్దామా?" అన్నాడు మరిది.

"లోపల ఏముందో చూపే కంపెనీ సర్క్యూట్ పటం ఉందిగా. బిళ్ల చేసే పనే చేత్తో చేద్దాం."

తొమ్మిది రోజులు పట్టింది. బిళ్ల ఉన్న చోటే, ఆ మర బెజ్జాల్లోనే పట్టేలా, అరచేతిలో సగమంత పలక మీద విడి భాగాలన్నీ కూర్చాలి. పటం మీద వేలు పెట్టి ఒక్కో దారీ వెతుకుతూ ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

"దీన్ని గీసినవాడెవడో మహా శ్రద్ధగల మనిషయ్యా. వేడెక్కితే తనంతట తానే సర్దుకునే ఏర్పాటు చూడు. నాకు తట్టేది కాదు."

"మరి ఇన్నేళ్లూ తిట్టిపోశావేం?"

ఆవిడ సోల్డరింగ్ కడ్డీని కింద పెట్టింది. "పదిహేడేళ్లు చేసిన చేతులకి ఒక్క పూటలో ఇక మీతో పన్లేదన్నారు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీలేదు. ఇది నోరులేనిది, దొరికింది."

మరిది సోల్డరు పొగ ఆవిడ కళ్లలోకి పోకుండా ఫ్యాను కాస్త పక్కకు తిప్పాడు.

పదో రోజు పెద్దాయన్ని రెండు స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన తెచ్చుకున్న రికార్డు పెట్టారు. ఒక ఆడమనిషి పాట. ఆయన రెండు నిమిషాలు విని నొసలు ముడిచాడు.

"ఆవిడ జరిగింది."

"ఎవరండీ?"

"పాడే ఆవిడ. ఎప్పుడూ నడిమధ్య నిలబడేది. ఇవాళ రెండడుగులు కుడికి జరిగి పాడుతోంది."

జతలమ్మ గబగబా మీటరు తగిలించింది. నిజమే. తను కట్టిన వైపు పిసరంత ఎక్కువ బిగ్గరగా ఉంది. డబ్బా బోర్లించి, శబ్దం పాళ్లు నిర్ణయించే రెసిస్టర్లను ఒక్కొక్కటే కొలిచి, ఎడమదానితో సరిపోయేది ఏరి అతికించింది. మళ్లీ పాట పెట్టారు.

పెద్దాయన వేలెత్తాడు. "అదీ, అక్కడే. ఇక కదలొద్దని చెప్పండి ఆవిడతో."

కూతురు నవ్వింది. జతలమ్మకు మాత్రం ఒక మాట అడగకుండా ఉండబట్టలేదు. "ఏ వైపుది నా చేతిదో చెప్పగలరా?"

ఆయన తల అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పి విన్నాడు. "తెలీడం లేదమ్మా. తెలిసిపోతే మీరు పని సరిగ్గా చెయ్యనట్టే కదా."

ఆవిడ పమిట చెంగుతో కళ్లజోడు తుడుచుకుంది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

మూత బిగించే ముందు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద తను కట్టినదాని పటం గీసి లోపల అంటించింది: "ఎడమది ఫ్యాక్టరీ చిప్పు. కుడిది చేత్తో కట్టింది, పటం కింద ఉంది. ఎడమది పోయినా ఇలాగే కట్టుకోవచ్చు. బజారులో బిళ్లలు కొనకండి."

"ఎవరికి రాశావు?" అన్నాడు మరిది.

"దీన్ని మళ్లీ విప్పేవాళ్లకి. మనలా తల పట్టుకొని కూర్చోవడం ఎందుకు?"

ఆనాటి నుంచి చిప్పు రిసీవరు వస్తే ఆవిడ ఎప్పటిలా మరిది బల్ల మీదికి తోసెయ్యడం మానేసి తనే విప్పేది. పేచీ లేక అతనికి తోచుబాటు కాలేదు, నాలుగు రోజులు దుకాణం బోసిపోయినట్టుంది. ఐదో రోజు, గరగరలాడే పాత వాల్యూం మీటను శుభ్రం చేసి వాడాలా, కొత్తది వెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.