మాస్కుకు అడ్డొచ్చిన మీసం

ఆయన్ని అందరూ మీసాలాయన అనే పిలుస్తారు. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో. మామూలు మీసం కాదు లెండి. ముక్కు కింద మొదలై, బుగ్గలెక్కి, చెవుల్ని పలకరించి వచ్చే రకం. మనిషేమో కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ లేచి కిటికీ వేసొస్తాడు, నీళ్లు తాగుతూ గది చుట్టేస్తాడు.

"కూచోండి, కుర్చీ కరవదు," అంటుంది భార్య.

పడవల అడుగున పాత రంగు గీకడం ఆయన పని. గుల్లలూ నాచూ పట్టకుండా వేసే రంగది, అందులో విషం ఉంటుంది. గుల్లల్ని చంపేది మనిషిని ముద్దాడుతుందా? అందుకే పొడిగా గీకడమంటే ఆయనకి ఒళ్లు మంట. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్లు కొట్టి, తడిమీదే గీకాలి. రాలిన పెచ్చులన్నీ సంచికెత్తి మూతి కట్టాలి. ఎంత తడిపినా అక్కడక్కడా ఆరి పొడి లేస్తూనే ఉంటుంది కాబట్టి, మూతికి ఫిల్టర్ల మాస్కు.

ఇంత జాగ్రత్తపరుడికీ ఈమధ్య సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, గొంతులో గరగర, దగ్గు. ఒకరోజు మాస్కు తీయగానే, పక్కనే గీకుతున్న బావమరిది ఎగాదిగా చూశాడు.

"బావా, ముక్కు కింద ఆ ఎరుపేంటి? అక్క లిప్‌స్టిక్ గానీ రాసుకున్నావా?"

తుడుచుకుని చూస్తే పడవ రంగు. మాస్కు లోపల!

షెడ్డు చూసుకునే పెద్దావిడ వచ్చింది. మాస్కు పెట్టించి, ఫిల్టర్లు అరచేతులతో మూసి గాలి పీల్చమంది. మొహానికి అతుక్కోవాల్సిన మాస్కు కాస్తా బుగ్గల దగ్గర ఈల వేసింది.

"అబ్బాయ్, రబ్బరు కింద వెంట్రుకలుంటే గాలి దూరుతుంది, గాలితోపాటే ఈ పొడీ. మీసమైనా పోవాలి, నువ్వైనా పడవ కిందనుంచి బయటికి పోవాలి."

"ఇన్నేళ్లూ ఈ మీసంతోనే గీకాను పెద్దమ్మా."

"ఇన్నేళ్లూ పీల్చావన్నమాట."

ఆయన మాస్కు తీసి పక్కన పెట్టాడు. వెళ్లి స్టూలు మీద కూచున్నాడు. కూచోడమంటే ఏముంది, లేచాడు, కూచున్నాడు, మళ్లీ లేచాడు. అక్కడ బావమరిది బ్లేడు మూల దించి చెక్కకి గాట్లు పెడుతున్నాడు.

"పడుకోబెట్టి లాగరా, అది పడవ, కొబ్బరిచిప్ప కాదు!"

"దూరంగా ఉండు బావా, మాస్కు లేదు నీకు."

మర్నాడు ఓ ఉపాయంతో వచ్చాడు. ఇంజన్ పైపు కారితే జాయింటుకి గ్రీజు పూస్తారు కదా, మీసానికీ అదే సూత్రం. దట్టంగా పూసి మాస్కు తొడిగాడు. ఈల ఆగింది! రొమ్ము విరుచుకుని నాలుగడుగులు వేశాడో లేదో, మాస్కు జర్రున గడ్డం కిందికి జారింది. పెద్దావిడ నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకుంది.

ఆయన నవ్వలేదు. సబ్బుతో మొహం కడిగి, మాస్కు పట్టుకుని ఇంటికొచ్చి, వంటింటికీ వాకిలికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఏమే, ఇది తీసేస్తే నేనెవర్ని?"

"ఇప్పుడు దగ్గుతూ తిరుగుతున్న ఆయనే. దగ్గు తగ్గితే బావుంటారు," అంది భార్య, కూర తరుగుతూ. "నాకు మీసం లేకపోయినా పర్లేదు, ఊపిరి ఉంటే చాలు. పైగా మిమ్మల్ని రోజంతా ఇంట్లో భరించడం నావల్ల కాదు."

కత్తెర పట్టుకుని అద్దం ముందుకెళ్లాడు. ముందు కొసలు కత్తిరించి మాస్కు పెట్టి పీల్చాడు. ఈల. ఇంకాస్త తీశాడు. సన్నగా ఈల. వెంట్రుక వెంట్రుకకీ బేరమాడి, చివరికి విసుగొచ్చి నున్నగా గీసిపారేశాడు. ఈసారి మాస్కు బుగ్గల్ని చప్పున పట్టేసింది.

ఆ పూటే పడవ కింద దూరాడు. "జరుగు," అని బావమరిదిని తోసి, నీళ్లు కొట్టి, బ్లేడు ఏటవాలుగా పెట్టి లాగితే, పాత రంగు ముద్దముద్దగా పట్టా మీదికి జారింది. కుర్చీలో నిలవని మనిషి, వెల్లకిలా పడుకుని సాయంత్రందాకా అటూ ఇటూ కదల్లేదు.

చీకటి పడబోతుంటే బయటికొచ్చి మాస్కు తీశాడు. బావమరిది వంగి చూశాడు. పెదవి పైన తెల్లటి కొత్త చర్మం, ఎర్రమరక ఒక్కటీ లేదు.

"బావా, ఎవరో కుర్రాడనుకున్నా. అక్క ఇంట్లోకి రానిస్తుందా?"

"ముందు ఆ సంచి మూతి బిగించి కట్టు. పెచ్చులు బయటికొస్తున్నాయి."