పుష్పమ్మ చెంప

మహబూబాబాద్‌లో సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో పుష్పమ్మ ఇంట్లో పనిలేకుండా కూర్చున్నవాళ్లు ఇద్దరు: సమ్మె టెంటులో మొగుడు ఓదెలు, ఇనుప జాలి గూట్లో కుందేలు. జాలి ఒరుసుకుని కుందేలు వెనక కాళ్ల అడుగులు పుండ్లు పడ్డాయి. పశువుల డాక్టరూ ఆ టెంటులోనే ఉన్నాడు. "సమ్మెల ఉన్న అక్కా, మందియ్య. మాట చెప్పుడుకైతే సమ్మె లేదు. కింద మెత్తగ, పొడిగ ఉండేది ఎయ్యి. లేకుంటే పుండు మాంసం దాటి బొక్కల దాంక పోతది, ఇగ బతుకది," అన్నాడు.

పుష్పమ్మ చాపనైనా తొక్కి చూసే కొనే మనిషి. గోనెసంచిని మడమతో నొక్కి, మెత్తగానే ఉందని పరిచింది. కుందేలు కాలు ఎత్తేసింది. ప్లాస్టిక్ చాప వేసింది. ఎత్తిన కాలు దించలేదు. "నాట్లేసి నాట్లేసి నీ మడిమెలు బండలైనయ్ వదినె. గవ్విటికి ముండ్లు గూడ మెత్తగనే ఉంటయ్," అని పక్కింటి రజని నవ్వింది. పుష్పమ్మకు కోపం రాలేదు. నేలమీదికి వంగి గోనెకు చెంప ఆనించింది. చుర్రుమంది. ఇంట్లో ఉన్నవన్నీ అలాగే చెంపతో చూసుకుంటూ పోయి, చనిపోయిన తల్లి చీరలతో కుట్టుకున్న బొంత దగ్గర ఆగింది. అక్కడ చెంప చాలాసేపు ఉండిపోయింది. తర్వాత లేచి, బొంతను గూటి కొలతకు మడిచి పరిచింది. కుందేలు నాలుగు కాళ్లూ దించింది.

సాయంత్రం ఓదెలు నడుం పట్టుకుని వచ్చి చూశాడు. "నేను దినమంత కటిక నేల మీద కూసుంటున్న, దీనికి బొంతనా?"

"తెలంగాణ వచ్చేదాంక లేవనని నువ్వన్నవ్," అంది పుష్పమ్మ. "అదేమన్న అన్నదా?"