సూదిమందు మిగిల్చిన రొద

మామూలు మందులకు లొంగని క్షయ అని తేలేసరికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరుగా పనిచేసేదాన్ని. నా భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద వేటలో ఉండేవాడు. ఇంట్లో నేనూ, అత్తా. తెల్లారగానే అత్త చేపల గంప ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేది.

రోజూ సూదిమందు. నెలల తరబడి. తుంట్లు గట్టిపడి కూర్చోలేకపోయేదాన్ని. నాలుగో నెలలో చెవుల్లో సన్నగా ఈల మొదలైంది. నీరసం అనుకున్నాను. చెబితే మందు ఆపేస్తారేమో, ఆపేస్తే చచ్చిపోతానేమోనని ఎవరికీ చెప్పలేదు. నడుస్తుంటే నేల ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించడం మొదలయ్యాక గానీ నోరు విప్పలేదు. డాక్టరు పరీక్ష చేయించి ఆ ఇంజెక్షను వెంటనే ఆపించాడు.

"లోపలి చెవి దెబ్బతిందమ్మా. సన్నటి శబ్దాలు ఇక సరిగా వినపడవు. ఆ ఈల కూడా పోకపోవచ్చు," అన్నాడు.

తక్కిన మాత్రలు రెండేళ్లు మింగాక క్షయ తగ్గింది. ఊళ్లోవాళ్లు సంతోషించారు. "గండం గట్టెక్కినావు గదే, ఇంకేటి?" అనేవారు. ఇంకేమిటో చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. ప్రాణం నిలిపిన మందును తిట్టుకోవడం కూడా తప్పే అనిపించేది.

మళ్లీ పనిలోకి వెళ్లాను. చిన్నపిల్లల గొంతులు సన్నవి. పెదాలు కదిలేవి, మాట అందేది కాదు. ఎవరైనా నాకు వినపడకుండా సముద్రం వైపు వెళ్లిపోతారేమోనని పదే పదే లెక్కపెట్టేదాన్ని. పద్దెనిమిది మంది. మళ్లీ పద్దెనిమిది. గుండె దడదడలాడేది. ఒకరోజు నేను బియ్యం కొలుస్తుంటే వెనక గదిలో నాలుగేళ్ల పాప వేలు తలుపు సందులో పడింది. అది ఏడుస్తూనే ఉందట. నేను బియ్యం కొలుస్తూనే ఉన్నాను. నీళ్లకు వెళ్లిన మా కేంద్రం ఆయా బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాకే వెనక్కి తిరిగి చూశాను. వేలు నలిగింది, విరగలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాటి నుంచి వెళ్లడం మానేశాను. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అన్నం సయించేది కాదు. తల దువ్వుకోలేదు. భర్త ఫోన్ చేస్తే అతని మాట ఆ ఈలలో కలిసిపోయేది. "ఊఁ, ఊఁ" అని పెట్టేసేదాన్ని. తర్వాత తర్వాత తీయడమే మానేశాను.

ఒక మధ్యాహ్నం అత్త గంప దించి, చేతులు కడుక్కుని, నూనె సీసాతో నా వెనక కూర్చుంది. చిక్కులు తీస్తూ ఏదో అడిగింది. నాకు అందలేదని గ్రహించి ముందుకొచ్చి, ముఖంలోకి చూస్తూ మళ్లీ అడిగింది.

"అమ్మీ, నీ సెవుల ఏటి ఇనిపిస్తాది?"

ఎంత వినపడుతోందని అందరూ అడిగారు. ఏం వినపడుతోందని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"ఈల అత్తా. కుక్కరు కూత ఆగకుండా ఏస్తన్నట్టుంటాది. తొంగున్నా, లేసినా అదే."

"ఇప్పుడూనా?"

"ఇప్పుడూ."

ఆమె నా తల దగ్గరకు తీసుకుని తన చెవిని నా చెవికి ఆనించింది. ఊపిరి బిగబట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. చీర నుంచి ఉప్పూ, చేపల వాసనా.

"నాకు ఇనిపించనేదే అమ్మీ," అంది చివరికి. కళ్ల నిండా నీళ్లు. "ఇంత రొద ఒక్కదానివే మోస్తన్నావేటే?"

నేను బావురుమన్నాను. బతకాలని లేదని కూడా చెప్పేశాను. అలా అనకూడదని ఆమె నా నోరు మూయించలేదు. చివరిదాకా విని, "రేపు గంప ఎత్తను. శ్రీకాకుళం ఎల్దాం," అంది.

అక్కడ మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ నాకు ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడింది. ఒక మాత్ర రాసింది. నేను చీటీ తోసేశాను.

"ఒక మందు నా సెవులు పట్టుకుపోనాది. ఇది ఏటి పట్టుకుపోతాదో!"

ఆమె నవ్వలేదు, కసరలేదు. "మీరు భయపడటంలో తప్పు లేదు," అంది. ఇది ఆ సూదిమందు లాంటిది కాదనీ, మొదట్లో వికారం, మగత రావచ్చనీ, ఏ తేడా కనిపించినా సొంతంగా ఆపకుండా వచ్చి చెప్పమనీ వివరించింది. ఈల పోతుందని మాత్రం అనలేదు. అందుకే నమ్మాను.

"దీన్ని నాను ఎలగ సూసుకోవాల డాక్టరమ్మా?" అని అత్త అడిగింది. రోజూ ఒకసారి ఎలా ఉందో అడగండి చాలు, అంది ఆమె. ఆ రోజు నుంచి గంప ఎత్తుకునే ముందు అత్త నా ఎదుట నిలబడి, "ఇయ్యాల ఏటైనా తేడా ఉన్నాదా?" అని అడగకుండా గడప దాటలేదు. రెండు వారాలు కడుపులో తిప్పింది. అదీ చెప్పాను. రెండో నెలలో ఒక ఉదయం నిజంగా ఆకలేసింది. కవళ్ల చేపల పులుసు అడిగి మరీ వేయించుకున్నాను.

సాయంత్రాలు అత్త నన్ను ఒడ్డుకు తీసుకెళ్లేది. ఇసుకలో కాలు తూలుతుందని చేయి వదిలేది కాదు. కెరటాల దగ్గర ఆ ఈల అణిగేది. అక్కడ కూర్చున్నంతసేపూ నా తల నాదిగా ఉండేది. కొడుక్కి ఫోన్ చేసి, "ఒరే, అరవకు. నిదానంగా సెప్పు," అని మందలించింది. ఆ తర్వాత అతను "తి...న్నా...వా" అని ఒక్కో అక్షరం విడదీసి అడిగితే నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో!

ఆరు నెలలకు మళ్లీ పనిలోకి వెళ్లాను. తలుపు దగ్గర ఆయా, పిల్లల మధ్య నేను, అని పంచుకున్నాం. వేలు నలిగిన పాపను వాళ్లమ్మ తనే తెచ్చి నా ముందు నిలబెట్టి, "టీచరమ్మకి ఎదరకొచ్చి సెప్పాల. తెలిసినాదా?" అంది. వారంలో పిల్లలందరికీ అది అలవాటైపోయింది. నా మోకాలు తట్టి, నేను చూశాకే నోరు తెరిచేవాళ్లు.

రెండేళ్లకు డాక్టరమ్మ మాత్ర తగ్గిస్తూ వచ్చి ఆపించింది. ఈల ఆగలేదు. దడ పుట్టే రోజులు ఇప్పటికీ వస్తాయి. వస్తే దాచను, అత్తకు చెబుతాను. తను వచ్చి పక్కన కూర్చుంటుంది. పిల్లలకు మళ్లీ పాటలు నేర్పుతున్నాను. శ్రుతి ఎక్కడ తప్పుతోందో నాకు తెలియదు. పద్దెనిమిది మందీ అచ్చం నేను తప్పినట్టే తప్పుతున్నారని ఆయా పడీ పడీ నవ్వుతుంది.