ఖాళీ చేతులతో నడక

నా భార్య చేతివేళ్ళు బిగుసుకుపోతున్నాయని నాకు మొదట తెలిసింది ఆమె జడ వేసుకుంటున్నప్పుడు. మూడు పాయలు తీసి, రెండు మెలికలు వేసి, ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఏమైందంటే, "ఏం లేదండీ, పొద్దెక్కితే వస్తాయి" అనేది, వేళ్ళు ఎక్కడికో పోయి తిరిగొస్తాయన్నట్టు. ఎనభైల మొదట్లో మాట. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. నేను అద్దంకి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి.

ఊళ్ళో వైద్యుడు వాతమన్నాడు, నూనె ఇచ్చాడు. ఆరు నెలలు రాశాం. మణికట్లు వాచాయి, తర్వాత మోకాళ్ళు. చివరికి గుంటూరు తీసుకెళ్ళి బ్రాడీపేటలో ఒక డాక్టరుకి చూపించాను. నాకంటే చిన్నవాడు. రక్తపరీక్ష కాగితం చూసి, ఇది వయసు మీద కీళ్ళు అరిగి వచ్చేది కాదనీ, ఒళ్ళే తన కీళ్ళ మీద తిరగబడే జబ్బనీ చెప్పాడు. మాత్రలు రాశాక ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు నడవాలి. బాగా వాచిన రోజు వద్దు. మిగతా రోజుల్లో అరగంట. కాస్త ఆయాసం రావాలి, కానీ మాట్లాడగలిగేట్టుండాలి."

"నడిస్తే నొప్పులు ఇంకా పెరగవాండీ?" అన్నాను నేను.

"పెరగవు మాస్టారూ. ఈ జబ్బులో లోపల ఒక రకం తుప్పు పుడుతుందనుకోండి, ఇనుముకి గాలి తగిలి పట్టినట్టు. అది కీళ్ళతో ఆగదు. రోజూ కొద్దికొద్దిగా శ్రమపడే ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుందని కొందరు అంటున్నారు. ఇంకా తేలలేదు, నేనైతే నమ్ముతున్నాను. మంచానికి అలవాటు పడితే మాత్రం మళ్ళీ లేపడం నా వల్ల కాదు."

ఆ చివరి మాట నన్ను చూసి అన్నాడు.

మర్నాటి నుంచే ఆమె కాలువ కట్ట మీద నడవడం మొదలుపెట్టింది. మా వీధి చివర నుంచి తూము దాటి వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చేది. మొదటి వారం ఏడుస్తూ వచ్చింది. నెల తిరిగేసరికి ముఖానికి చెమటతో, బుగ్గలు ఎర్రబడి వచ్చేది. ఒక ఉదయం జడ కొసదాకా అల్లుకుని, రిబ్బను కట్టుకుని, నా ముందుకొచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. నేను పేపరు చదువుతూ "ఏమిటి?" అన్నాను. ఏం లేదని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఊళ్ళో ఆడమనిషి ఖాళీ చేతులతో దారిన పోవడమన్నది లేదు. గంపో, బిందో, కొడవలో, చంకలో బిడ్డో, ఏదో ఒకటి ఉండాలి. చేతిలో ఉన్నదాన్ని బట్టే ఎక్కడికో అందరికీ తెలుస్తుంది, ఎవరూ అడగరు. ఆమె చేతిలో ఏమీ లేదు కాబట్టి అందరూ అడిగారు.

పత్తి తీయడానికి పోయే ఆడవాళ్ళు, "ఏందక్కా, పొద్దున్నే యాడికి?" అనేవాళ్ళట.

"ఊరికే నడుస్తున్నా."

"ఊరికే నడవాలంటే మా చేలోకి రా, రెండు సాళ్ళు పత్తి తీసిపో!"

ఇది నవ్వుతూ నాకు చెప్పింది. ఆమెకి అది సరదాగానే ఉంది. నాకు లేదు.

నా సరదా టీకొట్టు దగ్గర తీరింది. "మాస్టారూ, మీ ఇంట్లో ఆమె రోజూ కట్ట కొలుస్తందంట, సర్వే చేయిస్తన్నారా?" అన్నాడొకడు. "సర్వే కాదురా, పొద్దున్నే మాస్టారు లెక్కలు అడుగుతాడేమో, పారిపోతంది" అన్నాడు ఇంకొకడు. బెంచీలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను. మా ఆవిడకి జబ్బు, డాక్టరు నడవమన్నాడు అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. భార్యకి జబ్బని నలుగురిలో చెప్పడం నాకు చిన్నతనంగా తోచింది.

ఇంటికొచ్చి, "రేపటి నుంచి చేతిలో బిందె పట్టుకెళ్ళు" అన్నాను.

"బిందె ఎందుకండీ? మన వీధిలో బోరింగుందిగా."

"పెరట్లో కనకాంబరాలకి కాలువ నీళ్ళు మంచివి."

ఆమె సత్తు బిందె పట్టుకెళ్ళింది. మూడోరోజు మిరపకాయల బండి కట్టుకుని బయల్దేరిన రైతు ఒకాయన, ఆడమనిషి ఖాళీ బిందెతో ఎదురొచ్చిందని బండి ఆపి, ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరాడట. సాయంత్రం స్కూలు గేటు దగ్గర నన్ను పట్టుకుని, "మాస్టారూ, చదువుకున్నోళ్ళు, మీకు చెప్పాలా?" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ నేను చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "వెళ్ళేటప్పుడే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకో. నిండా వద్దు, సగం చాలు. ఎదురొచ్చేవాళ్ళకి సగమూ నిండుగానే కనిపిస్తుంది."

అలా నా భార్య వాచిన మణికట్టుతో సగం బిందె నీళ్ళు చంకనెత్తుకుని వంతెన దాకా వెళ్ళి, తిరిగి మోసుకొచ్చేది. ఇరవై రోజులు. చివరికి కుడి మణికట్టు వంకాయలా ఉబ్బింది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

మళ్ళీ బ్రాడీపేట. డాక్టరు ఆ చేతిని తన అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"నడక మొదలుపెట్టాకే వాచిందా?"

"అవునండీ" అన్నాను.

"బరువులేమన్నా ఎత్తారా?"

ఆమె నావైపు చూసింది.

"లేదండీ" అన్నాను.

"అయితే కొన్నాళ్ళు ఆపండి. వాపు తీశాక రండి, చూద్దాం" అన్నాడు. వాపు తీసింది. నేను తీసుకెళ్ళలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు ఇంటి పనంతా నేనే చేశాను. పొయ్యి వెలిగించాను, అంట్లు తోమాను, ఆమెని మంచం మీద నుంచి కదలనివ్వలేదు. పెళ్ళాన్ని ఇంతలా చూసుకునే మొగుడు లేడని ఊరంతా అన్నది. ఆ మాటలు నాకు తియ్యగా ఉండేవి. టీకొట్టులో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. మంచం మీద ఆమె మోకాళ్ళు నెమ్మదిగా వంగి, వంగినచోటే ఆగిపోతున్నా, నేను నా మంచితనాన్నే చూసుకున్నాను.

ఒకనాడు ఆమె, జుట్టు కత్తిరించమంది. తన వేళ్ళకి ఇక అల్లుకోవడం రాదు, నాకు అల్లడం రాదు. స్కూల్లో చార్టులు కోసే కత్తెర తెచ్చి మెడదాకా కత్తిరించాను. నేను నేల మీద జుట్టు ఏరుతుంటే అన్నది:

"ఆ రోజు బరువులెత్తారా అని డాక్టరు గారు అడిగినప్పుడు నేనే చెప్పాల్సిందండీ. మీ పరువు పోతుందని ఊరుకున్నా. తప్పు నాదే."

ఆమె తిట్టి ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణి.

మర్నాడు సెలవు పెట్టి ఒక్కణ్ణే గుంటూరు వెళ్ళి, డాక్టరు ముందు కూర్చుని బిందె సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆయన కలం మూత పెట్టాడు. "ఇప్పుడు చెప్తున్నారా మాస్టారూ?" అన్నాడు. తర్వాత, "మోకాలు ఎంతవరకు చాపగలదు?" అని అడిగాడు. నా మోచెయ్యి వంచి చూపించాను. ఆ చేతి వంక చూశాడు.

"పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోండి. రోజూ ఎంత నడవగలిగితే అంతే."

రెండు నెలలు ఇంట్లోనే, మంచం నుంచి గడప దాకా నడిపించాను. మాఘమాసంలో ఒక ఉదయం కట్ట మీదకి తీసుకెళ్ళాను. కింద కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి ఇద్దరికీ దగ్గు వచ్చింది. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. మరో చేతిలో ఏమీ లేదు. పత్తికి పోయే ఆడవాళ్ళు ఎదురొచ్చారు.

"ఏం మాస్టారూ, ఇద్దరూ యాడికి?"

"ఊరికే. మా ఆవిడకి కీళ్ళ జబ్బమ్మా, డాక్టరు నడవమన్నాడు."

"అట్టనా? నడవండి, నడవండి" అని దారిచ్చి పోయారు. అంతే. ఎవరూ నవ్వలేదు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఆమె తూము దాకా రాలేకపోయింది. ఆగి, దూరంగా ఉన్న వంతెన వైపు చూసింది, ఎప్పుడూ అక్కడికి వెళ్ళని మనిషిలా. తర్వాత వెనక్కి తిరిగి, నా భుజం గట్టిగా పట్టుకుని అడిగింది.

"ఇల్లు ఇంకా ఎంత దూరమండీ?"

కట్ట కింద వీధిలో మా అరుగు కనిపిస్తోంది. నేను "దగ్గరే" అన్నాను.