అర చెంచా సిద్ధాంతం

ఆ ప్రెస్సులో అచ్చయ్యే పుస్తకాల రచయితలు ఎవరైనా కావచ్చు గానీ, అక్కడ పనిచేసే ఇరవైముగ్గురి పొట్టల మీద సర్వహక్కులూ పిన్నివే. పిన్ని అంటే నిజానికి అక్కడ ఎవరికీ పిన్ని కాదు. పందొమ్మిదేళ్ళుగా మెట్ల కింది క్యాంటీన్‌లో వండి పెడుతోంది కాబట్టి మేనేజరు నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అలాగే పిలుస్తారు. రెండు పొయ్యిలు, ఒక సింకు, నాలుగు బెంచీలు, పైన మెషిన్లు ఆడినప్పుడల్లా గిన్నెలు గలగలలాడే ఒక అలమర. ఇంతే ఆవిడ రాజ్యం. అందులో ఆవిడ చెప్పిందే చట్టం.

వంట బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. చిక్కల్లా ఒక్కటే. ఆవిడ వండింది "నాకు పడదు" అని ఎవరైనా అన్నారో, ఒళ్ళు మండిపోయేది.

"పడదట! మా చిన్నప్పుడు దొరక్కపోవడమే గానీ పడకపోవడం ఎరగం" అని గరిటె మోగించేది.

ఈ మంటకి శాస్త్రాన్ని తోడు చేసిన పుణ్యం ప్రూఫ్‌రీడరుది. అందరూ మాస్టారు అంటారు. ప్రెస్సుకి ఏ పుస్తకం వస్తే ఆ నెలంతా ఆయన ఆ విద్యలో పండితుడు. కిందటేడు రెండు నెలలు తాబేళ్ళ గురించి తప్ప ఇంకో మాట లేదు. ఆ తర్వాత ఇంటి కప్పులు. ఇప్పుడేమో ఆరోగ్యం మీద ఒక లావుపాటి పుస్తకం. తడి ఆరని ప్రూఫులు చంకలో పెట్టుకుని, అందరికంటే ముందు బెంచీ మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

"చూడు పిన్నీ, మన పొట్టలో ఎంజైములని ఉంటాయి. పనివాళ్ళనుకో. పిండిపదార్థం కోయడానికి ఒకళ్ళు, కొవ్వు కోయడానికి ఒకళ్ళు, పాలల్లో ఉండే చక్కెర కోయడానికి ఒకళ్ళు. చాలామందికి పెద్దయ్యాక ఈ పాల తాలూకు పనివాళ్ళు తగ్గిపోతారు. అప్పుడు ఆ చక్కెర అలాగే పెద్దపేగులోకి పోతుంది. అక్కడున్న సూక్ష్మజీవులకి విందు. మనకి గ్యాసు, ఉబ్బరం, పరుగులు."

"మరి కొంచెమే పోస్తే?"

"కొంచెమైతే ఉన్న నలుగురూ ఎలాగో సర్దుకుంటారు. ఎంత అరుగుతుందన్నది మనిషిని బట్టి."

అయిదు అధ్యాయాలే వచ్చాయనీ, ఆరోదాంట్లో ఇంకేదో ముఖ్యమైన సంగతి ఉందటగానీ రచయిత రెండు నెలలుగా వారం వారం వాయిదా వేస్తున్నాడనీ కూడా చెప్పాడు మాస్టారు. రాని అధ్యాయంతో పిన్నికేం పని? ఉన్నదాంతో వంట చేయడం ఆవిడకి అలవాటే.

ప్రయోగాలకి మొదటి ఎలక మేనేజరు గారు. తనకి పాలు పడవని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. పిన్ని ఆయన గుమ్మడి సూప్‌లో అరగ్లాసు పాలు కలిపింది. ఏమీ కాలేదు. వారం తర్వాత నిండు గ్లాసు పోసింది. ఆ మధ్యాహ్నం యజమానుల మీటింగ్‌లో మేనేజరు గారు మూడుసార్లు లేచి వెళ్ళారు. మూడోసారి వెళ్ళినవారు తిరిగి రాలేదు. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. పిన్ని పొంగిపోయింది, మాస్టారి పుస్తకం అక్షరాలా నిజమని. తర్వాత రిసెప్షన్ అమ్మాయి. గోధుమ పడదంది కదా అని ఆమె కూరలో అర చెంచా పిండి కలిపితే, ఆ పిల్ల సాయంత్రం దాకా ఫోన్లో నవ్వుతూనే ఉంది. ఇంకేం కావాలి? సిద్ధాంతం తయారైపోయింది: ఏదైనా సరే, ఎవరికైనా సరే, అర చెంచా పడుతుంది. మిగతాదంతా గారాబం.

అలాంటి రోజుల్లో, కాగితాలు మడతపెట్టే మెషిన్ మీదికి కొత్త మెషిన్‌మాన్ వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. నెమ్మదస్తుడు. మొదటి రోజే పళ్ళెం పట్టుకుని అడిగాడు.

"పిన్ని గారూ, ఇందులో వేరుశెనగ లేదు కదండీ?"

"లేదు నాయనా."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. మూడు వారాలు, రోజూ అదే ప్రశ్న, అదే మర్యాద. ఆ మర్యాద చూస్తేనే పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కేది. పందొమ్మిదేళ్ళలో తన గిన్నెలో ఏముందని ఎవడైనా అడిగాడా? అతను ఒకసారి విడమరిచి చెప్పాడు కూడా.

"ఇది అరగకపోవడం కాదండీ. చిన్నప్పుడోసారి ప్రాణం మీదికొచ్చింది."

"అందరూ అలాగే అంటారులే" అంది పిన్ని.

ఆ గురువారం క్యారెట్ సూప్ చేసింది. వేయించిన వేరుశెనగలు మెత్తగా పొడి చేసి, అర చెంచా తీసి, మోసం లేకుండా వేలితో గీసి మరీ కొలిచి, అతని గిన్నెలో కలిపింది. అతను ఎప్పటిలాగే అడిగాడు.

"లేదు, తాగు" అంది.

పాలూ పిండీ కలిపినప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడకి అబద్ధం ఆడాల్సిన అవసరం రాలేదు. ఈసారి వచ్చింది, ఆడేసింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తమాషా చూడటానికి నిలబడింది.

నాలుగు చెంచాలు తాగాడు. ఆగి, పెదవి తడుముకున్నాడు. గిన్నె వంక చూసి, పిన్ని వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. చూస్తుండగానే మొహం ఎర్రబడి, పెదాలు ఉబ్బి, ఊపిరి ఈలలా రావడం మొదలైంది. ముక్క అడ్డుపడిందని ఒకడు వీపు మీద బాదాడు. గుండెపోటని మేనేజరు తేల్చేశాడు. మాస్టారు నీళ్ళు తెచ్చి తన చొక్కా మీదే పోసుకున్నాడు. కాగితం రీళ్ళు మోసే వ్యాన్‌లో అతన్ని పడుకోబెట్టి వీధి చివరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో గరిటె ఉందన్న ధ్యాస కూడా లేకుండా వ్యాన్ ఎక్కింది. రెండు నిమిషాల దారి.

"ఏం తిన్నాడు?" అని డాక్టరమ్మ అడిగింది.

"సూప్, రొట్టె" అన్నారు అందరూ.

"అందులో వేరుశెనగ ఉంది" అంది పిన్ని.

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. తొడలోకి ఇంజెక్షన్ ఇచ్చింది, ఆక్సిజన్ పెట్టించింది. కాసేపటికి ఊపిరి దారిలో పడింది. అప్పుడు బయటికొచ్చి అందరికీ గడ్డి పెట్టింది.

"అరగకపోవడం వేరు, ఇది వేరు. ఎంజైము చాలకపోతే పొట్ట గోల పెట్టి ఊరుకుంటుంది. ఇది ఎలర్జీ. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే వేరుశెనగని శత్రువనుకుని ఒళ్ళంతా యుద్ధం మొదలుపెడుతుంది. ఇలాంటివాళ్ళకి అర చెంచా, పావు చెంచా అని ఉండదు. వేరుశెనగ సంగతి చెప్పింది ఎవరో గానీ, వెంటనే చెప్పి మంచిపని చేశారు. రేపటి దాకా ఇక్కడే ఉంచుతాం."

"ఆరో అధ్యాయం ఇదే అయ్యుంటుంది" అని గొణిగాడు మాస్టారు.

గంట తిరిగేసరికి పిన్ని దేవతైపోయింది. పాపం, ఏదో గరిటె మారిపోయి ఉంటుంది, పొరపాటు ఎవరికి జరగదు, టక్కున చెప్పబట్టి మనిషి దక్కాడు అని తలా ఒక మాట. పొరపాటన్న మాటని ఆవిడ అనలేదు. ఎవరో అంటే కాదనలేదు, అంతే. కడుపులో చల్ల కదలకుండా బెంచీ మీద కూర్చునే వీలు దొరికితే ఎవరు మాత్రం లేస్తారు?

మెషిన్‌మాన్ భార్య వచ్చింది. దర్జీ పని చేస్తుందట, చేతికి ఇంకా దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. లోపలికి వెళ్ళి భర్తని చూసి, బయటికొచ్చి నేరుగా పిన్ని రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా పిన్ని గారు? మీ గురించి రోజూ చెబుతారండీ. ఇదివరకు పనిచేసిన చోట అడిగితే నవ్వేవాళ్ళట. ఏడేళ్ళు డబ్బాలో చల్లారిపోయిందే తిన్నారు. ఇక్కడ మీరు ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా చెబుతారని ధైర్యంగా తింటున్నారు. నేనూ నిశ్చింతగా ఉన్నాను. పొరపాటుకి మీరేం బాధపడకండి. సోమవారం నుంచి మళ్ళీ మీ వంటే తింటానంటున్నారు."

తల ఊపితే సరిపోయేది. పిన్నికి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది. తల ఎత్తలేనంత సిగ్గు. సోమవారం అతను మళ్ళీ పళ్ళెం పట్టుకుని నమ్మకంగా నిలబడితే తను ఏ మొహంతో వడ్డించాలి?

"పొరపాటు కాదమ్మా" అంది. "నేనే వేశాను. తెలిసే వేశాను."

పక్కన మాస్టారు నోరు తెరిచాడు. మేనేజరు చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. ఆ మీటింగు రోజు తాగిన సూప్ ఆయనకి ఇప్పుడు జ్ఞాపకం వచ్చినట్టుంది.

ఆమె మాత్రం పిన్ని చేతులు వదల్లేదు. అర్థంకానట్టు మొహంలోకి చూసింది.

"ఎందుకండీ?"

ప్రతి దానికీ ఒక జవాబు ఉన్న పిన్ని వెతుక్కుంది. ఎంజైములు, పనివాళ్ళు, అర చెంచా, గారాబం. ఏదీ ఆ ఆడమనిషి మొహం ముందు పెట్టడానికి పనికి రాలేదు. చివరికి నిజం ఒక్కటే మిగిలింది.

"ఏమవుతుందో చూద్దామని."

ఆమె మెల్లగా చేతులు వదిలేసింది.

"చూశారు కదా" అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.