చేపలకు తెచ్చిన నీళ్లు

కుందుర్పి బస్సులో నా ఒళ్లో నీళ్ల సంచీ, దాంట్లో అక్వేరియం కోసం కొన్న రెండు అడవి బెట్టా చేపలు. ఎంతో వెతికితే దొరికిన జాతి. కాళ్ల దగ్గర ఫిల్టరు నీళ్ల క్యాను పెట్టుకున్నాను.

పక్క సీటులోని ముసలవ్వ, "ఆ క్యానులో నీళ్లేంటికి నాయనా?" అని అడిగింది.

"మన బోరు నీళ్లు ఉప్పు కదవ్వా. ఈ చేపలు వాటిల్లో బతకవు," అని గొప్పగా చెప్పినాను.

"అయ్యో పాపం!" అంటా, ఎండ పడుతుందని సంచీ మీద తన కొంగు కప్పింది.

కాసేపటికి ఆమె తన సీసా ఎత్తింది. చుక్క లేదు. నేను క్యాను మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దప్పా, వాటికే ఉండనీ. మేము బోరు నీళ్లతోనే బతుకుతాండాం కదా."

నవ్వుతానే అనింది.

ఇప్పుడు అక్వేరియంలో నీళ్లు మార్చేటప్పుడు వీధి వాకిలి మూసుకుంటాను.