జనానా రోజున జెయింట్ వీల్

హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి జంటగా వెళ్తున్నాం, ఏ రోజు బాగుంటుంది, ఏ దారిన వెళ్ళాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను మొదటిసారి వెళ్ళింది 1969 జనవరిలో. అప్పటి ధరలూ దారులూ మీకిప్పుడు పనికిరావు గానీ, ఆ రోజు మేం చేసిన పొరపాటు మాత్రం ఎవరైనా చెయ్యవచ్చు. అందుకే రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ సాయంత్రం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చల్లగా రాయమంటే నావల్ల కాదు.

మాది కాకినాడ. అప్పటికి పెళ్ళయి మూడేళ్ళు, ఇంట్లో పదకొండుమందిమి. మా ఆయన ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. మంచివారే. తాగరు, తిట్టరు, చెయ్యెత్తరు. ఉన్నదొకటే రోగం, నేను నోరు తెరిచి ఏదైనా చెప్పబోతే లేచి వెళ్ళిపోతారు. భోజనాల దగ్గర మొదలుపెడితే చెయ్యి కడుక్కోవడానికి లేస్తారు. పడకగదిలో మొదలుపెడితే వీధి తలుపు గడియ వేశారో లేదో చూసొస్తానంటారు. ఆ చూడ్డానికి వెళ్ళిన మనిషి నేను నిద్రపోయాక గానీ రారు. ఆ డిసెంబరులో నాకు ఆడపిల్లల హైస్కూల్లో టీచరు ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది. పుట్టింటి అడ్రసు ఇచ్చి అర్జీ పెట్టుకున్నాను కాబట్టి అది మా నాన్నగారింటికి వచ్చింది, అత్తవారింట్లో ఎవరికీ తెలియదు. చేరతానో లేదో జనవరి నెలాఖరులోగా రాయాలి. ఆయనకి చెబుదామని పదిసార్లు మొదలుపెట్టాను, పదిసార్లూ లేచి వెళ్ళిపోయారు.

ఇంతలో ఆయనే, హైదరాబాద్ ఎగ్జిబిషన్ చూపిస్తాను, జెయింట్ వీల్ ఎక్కిస్తాను, ఒక సాయంత్రం మనిద్దరమే తిరుగుదాం అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. జెయింట్ వీల్ మీద ముచ్చటతో కాదు. ఒకసారి ఎక్కితే అది ఆగేదాకా మనిషి లేచి వెళ్ళలేడు కదా. అక్కడ చెప్పేద్దామని ఉత్తరం మడతపెట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

సామర్లకోటలో రాత్రి బండి ఎక్కితే పొద్దున్నకి సికింద్రాబాద్ చేరాం. అక్కణ్ణుంచి సిటీ బస్సులో చిక్కడపల్లి, చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కి నడక. రాష్ట్రం ఏర్పడ్డాక ఆఫీసుతో పాటు వచ్చి స్థిరపడిన మా ఆయన బాబాయిగారి ఇల్లు అక్కడే. నాలుగు రోజుల సెలవు వాళ్ళ వెనకాలే గడిచిపోయింది. సుల్తాన్ బజార్‌కి రెండుసార్లు వెళ్ళాం, రెండుసార్లూ మా అత్తగారికీ ఆడపడుచులకీ చీరలు కొనడానికే. పక్కన బాబాయిగారూ పిన్నిగారూ వాళ్ళ పిల్లలూ. అయిదో రోజు వాళ్ళంతా కాచిగూడలో ఎవరింటికో పేరంటానికి వెళ్తుంటే మాకు తెరిపి దొరికింది. మర్నాడు తిరుగు ప్రయాణం. ఇదొక్కటే సాయంత్రం.

వెళ్ళేముందు బాబాయిగారు మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పారు. "ఊళ్ళో గొడవలు మొదలయ్యాయి. మనం నోరు విప్పితే ఆంధ్రావాళ్ళమని తెలిసిపోతుంది. ఎవరినీ ఏమీ అడక్కండి. ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండండి." ఆయన భయం ఆయనది, తప్పనను. కానీ నా నోరు మూయించడానికి మా ఆయనకి ఇంకో సాకు దొరికింది.

నాలుగింటికి చిక్కడపల్లి రోడ్డు మీదికి వచ్చి రిక్షా మాట్లాడుకున్నాం. నాంపల్లికి రానూ పోనూ రెండున్నర రూపాయలు అన్నట్టు గుర్తు. రిక్షా ఆయన పేరు మల్లయ్య, పాలమూరు మనిషి, నలభై ఏళ్ళుంటాయి.

"యాడికి సాబ్? ఎగ్జిబిషన్‌కా? ఇయ్యాల జనానా ఉన్నది, ఎర్కేనా?" అన్నాడు.

"ఉంటే ఉండనీవయ్యా. జనం లేకపోతే అది ఎగ్జిబిషన్ ఎలా అవుతుంది?" అన్నారు మా ఆయన.

మల్లయ్య ఆయన వంకా నా వంకా చూశాడు. "సరే, నాకేంది. కూసోన్రి" అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. "ఏమండీ, జనానా అంటే జనమేనా? వేరే ఏదో మాటలా ఉంది, ఒకసారి అడగండి" అన్నాను. "ఇక్కడివాళ్ళు ప్రతిదానికీ దీర్ఘాలు తీస్తారు. నువ్వు ఊరుకో, మన యాస బయటపడుతుంది" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను అడిగాను. అడిగితే ఊరుకోమన్నారు.

నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్ ముందు ఆపించి టీ తాగాం. కుటుంబాలు కూర్చునే చోట ఆకుపచ్చ తెర కట్టి ఉంది. ఉప్పుతీపిగా ఉండే బిస్కెట్లు, చిక్కటి టీ. ఇప్పటికీ అటు వెళ్తే నేను ఇరానీ టీ మానను, మీరూ మానకండి. జెయింట్ వీల్ దాకా ఎందుకు, ఇక్కడ ఎవరూ లేరు కదా అని ఆశ పుట్టింది. "మీకొక సంగతి చెప్పాలి" అన్నాను. కప్పు కింద పెట్టి, "బిల్లు కట్టేసి వస్తా" అని లేచారు. కప్పులో సగం టీ అలాగే ఉంది. నేను రెండు కప్పులకేసీ చూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ బయల్దేరి కింగ్ కోఠి, ఆబిడ్స్ మీదుగా వెళ్తుంటే మా ముందూ వెనకా రిక్షాలన్నిటిలో ఆడవాళ్ళే. బురఖాల వాళ్ళు, పట్టుచీరల వాళ్ళు, ఒక్కో రిక్షాలో ముగ్గురేసి, ఒళ్ళో పిల్లలు. "అందరూ ఆడవాళ్ళే వెళ్తున్నారేమిటండీ?" అన్నాను. "మగవాళ్ళు ఆఫీసుల నుంచి నేరుగా వస్తారు" అన్నారు. ఎంత ధైర్యంగా చెప్పారంటే నేను నమ్మేశాను కూడా.

అయిదుంబావుకి గేటు దగ్గర దిగాం. టికెట్లు చూస్తున్న ఆవిడ నన్ను లోపలికి రమ్మని, మా ఆయనకి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఆగున్రి సాబ్. ఇయ్యాల జనానా. మర్దానా రావద్దు."

జనానా అంటే జనం కాదు, ఆడవాళ్ళు. మర్దానా అంటే మగవాళ్ళు. ఎగ్జిబిషన్ జరిగినన్నాళ్ళలో ఒక రోజు ఆడవాళ్ళకీ చిన్నపిల్లలకీ మాత్రమే వదులుతారు. ఊరందరికీ తెలిసిన సంగతి. నోరు విప్పి అడగనివాళ్ళకి మాత్రం తెలియదు.

"నేను ఈవిడ భర్తనండీ" అన్నారు మా ఆయన.

"బయట నిలబడ్డోళ్ళంత ఎవరో ఒకరి భర్తలే సాబ్" అంది ఆవిడ.

వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆయన మొహం కందగడ్డలా అయింది. నా వైపు తిరిగి, "పద, పోదాం. ఆ రిక్షావాడు సరిగ్గా చెప్పి చావలేదు" అన్నారు.

నాకు అక్కడ తిక్క రేగింది. వాడు సరిగ్గానే చెప్పాడు, నేను అడగమన్నాను, మీరు ఊరుకోమన్నారు అని మొహం మీదే అనేద్దామనుకున్నాను. మూడేళ్ళుగా ఎదురుచూసిన ఒక్క సాయంత్రం ఒక దీర్ఘం పాలైంది. "మీరు ఇక్కడే ఉండండి. నేను చూసి వస్తాను" అని వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడుతుండగా నేను నడిచి వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

లోపల ఏం చూశానో చెప్పమంటే కష్టం. కళ్ళలో నీళ్ళు తిరిగి దుకాణాలన్నీ మసకగా కనిపించాయి. బురఖా ముసుగులు పైకి ఎత్తుకుని మొహాన గాలి తగలనిస్తూ గాజుల దుకాణాల దగ్గర గట్టిగా బేరాలాడుతున్న వాళ్ళు గుర్తున్నారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనడం లేదు. జెయింట్ వీల్‌కి పావలా టికెట్. ఒక్కో తొట్టిలో ఇద్దరిద్దరు కూర్చోవాలి. నా పక్కన ఒకామె కూర్చుంది. చేతులకి సున్నం మరకలు, తలకి కొత్త రిబ్బను. పేరు బాలమ్మ. ఆమెది కూడా పాలమూరు వైపే. అశోక్ నగర్‌లో కడుతున్న ఒక మేడకి ఇటుకలు మోస్తోందట.

"ఒక్కదానివే వచ్చినవా అక్కా?" అంది.

"మా ఆయన బయట ఉన్నారు" అన్నాను, అంతే, ఏడుపు ఆగలేదు. చక్రం పైకి లేస్తుంటే చెప్పడం మొదలుపెట్టాను. ఉద్యోగం, ఉత్తరం, నెలాఖరు, లేచి వెళ్ళిపోయే మొగుడు, జనానా, అంతా. ఆమె ఊచ పట్టుకుని కదలకుండా విన్నది. కదలడానికి చోటు కూడా లేదనుకోండి. పైకి వెళ్ళి చక్రం ఆగింది. గోడ అవతల మగవాళ్ళు వరసగా నిలబడి కనిపించారు. అందులో మా ఆయన ఎవరో గుర్తుపట్టలేకపోయాను.

"గింత చదువుకున్నవు" అంది బాలమ్మ, "మొగనికి ఒక్క మాట చెప్పనీకి గింత పైకి ఎక్కాల్నా?"

నాకు కోపం వచ్చింది. నీకేం తెలుసు అనబోయాను. చక్రం కిందికి దిగేసరికి ఆ కోపం ఆమె మీద లేదు. మూడేళ్ళూ ఆయన లేచి వెళ్తుంటే వెనకాల కప్పులు చూస్తూ కూర్చున్న నా మీద ఉంది.

ఆరున్నరకి బయటికి వచ్చాను. మా ఆయన మల్లయ్యని నిలబెట్టి దులుపుతున్నారు. "జనానా అంటే ఆడవాళ్ళని చెప్పొద్దా?"

"చెప్పిన గద సాబ్. అమ్మ గూడ అడుగుమన్నది. నువ్వే ఇనలే" అన్నాడు మల్లయ్య.

ఇద్దరం రిక్షా ఎక్కాం. ఆబిడ్స్ దాటాం. కింగ్ కోఠి దగ్గర నేనే మొదలుపెట్టాను. "నాకు ఉద్యోగం వచ్చింది."

ఆయన గతుక్కుమన్నారు. నారాయణగూడ రాగానే, "ఇక్కడ ఆపు మల్లయ్యా, కిళ్ళీ కట్టించుకోవాలి" అన్నారు.

"ఆపకు మల్లయ్యన్నా" అన్నాను.

మల్లయ్య వెనక్కి తిరగలేదు. "బిరేకు పడ్తలేదు సాబ్. జర ఓపిక పట్టున్రి" అన్నాడు. అప్పటికి రెండు నిమిషాల క్రితమే ఒక గేదె అడ్డం వస్తే ఆ బ్రేకు గట్టిగా పడింది.

అంతే, చెప్పేశాను. ఉత్తరం తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఇది అడగడం కాదు, చెప్పడం అన్నాను. చేరతానని రాసేస్తున్నాను, మీ అమ్మగారికి మీరు చెప్తారో నన్నే చెప్పమంటారో తేల్చండి అన్నాను. చిక్కడపల్లి దీపాల వెలుతురులో ఆయన ఉత్తరం చదివారు. "ఇంకెవరికి చెప్పావు?" అన్నారు.

"బాలమ్మకి. జెయింట్ వీల్లో."

"బాలమ్మెవరు?"

"ఇటుకలు మోసే ఆవిడ."

ఆయన మొహం చిన్నబోయింది. "నాకంటే ముందు, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పావా?"

"ఆవిడ లేచి వెళ్ళిపోలేదు" అన్నాను.

అశోక్ నగర్ సందు వచ్చింది. బాబాయిగారి ఇంటి ముందు దీపం కనిపిస్తోంది. మల్లయ్య వేగం తగ్గించాడు. మా ఆయన ఉత్తరం మడిచి నా చేతికి ఇవ్వలేదు, తన జేబులో పెట్టుకున్నారు. నేను ఇంకో మాట అనడానికి సిద్ధమవుతుంటే, "మల్లయ్యా, ఇంకో చుట్టు తిప్పు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పు" అన్నారు.

మూడు చుట్లు తిరిగాం. ఎనిమిదిన్నర అయింది. బాబాయిగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

ఆ స్కూల్లో నేను రిటైరయ్యేదాకా పనిచేశాను. దాన్ని తలుచుకుని మురిసిపొమ్మంటే మురవలేను. పెళ్ళాం నోట ఒక మాట వినిపించడానికి మగవాణ్ణి కదిలే బండిలో కూర్చోబెట్టాల్సి రావడం ఏం గొప్ప? బాలమ్మ అడిగింది కూడా అదే. ఆమెకి కనీసం కిందికి దిగాక ఒక గ్లాసు టీ అయినా ఇప్పించలేదు, ఆ బాధ వేరే. మా ఆయనకి ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు అంత తేలిగ్గా లేవలేరు. అయినా నేను మొదలుపెట్టగానే కుర్చీ చేతుల మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం చూస్తూనే ఉంటాను.

మీకు ఒక్క సలహా. బయల్దేరేముందే ఆ రోజు జనానా ఉందేమో నోరు విప్పి అడగండి. ఉంటే మగవాళ్ళు ఇంట్లో ఉండండి, ఆడవాళ్ళు మానుకోకండి. ఇద్దరూ కలిసి వెళ్ళి, మీ ఆయనకి ఏదైనా చెప్పాల్సి ఉంటే మాత్రం తిరుగు ప్రయాణం దాకా ఆగి, బండి ఆపొద్దని డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి.